ప్రధానోపాధ్యాయ పదవి: లాభనష్టవిచారము

ఈ విద్యాసంవత్సరాంతమున మన ప్రధానోపాధ్యాయులవారు పదవీవిరమణము చేయనున్నారను సంగతి విద్యార్థులందరు నెరిగినదే. ఆ వార్త తెలిసినది మొదలు నడవలలోను, ఉపాధ్యాయుల గదిలోను, కడకు మంచినీళ్ల కుళాయిలయొద్దను ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది: ఆ కుర్చీలో తరువాత కూర్చుండువా రెవరు? మొన్న తొమ్మిదవ తరగతిలో సంధిపాఠము ముగించి సుద్దముక్క క్రింద పెట్టుచుండగా, మొదటి బల్లమీది బాలు డొకడు లేచి, "సార్, మీరు హెడ్మాష్టరు అయితే మాకు తెలుగు ఎవరు చెప్తారు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. అంతకు రెండు దినములకు ముందే పాలకసంఘమువారు నన్ను పిలిపించి, ఆ పదవిని స్వీకరింతురా యని యడిగియుండిరి. వారికి చెప్పుటకు నాయొద్ద కొన్ని మాటలుండెను. ఆ బాలునికి చెప్పుటకు మాత్ర మొక్క మాటయు లేకపోయెను. ఆ సమాధానమును వెదకుకొనుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఇది నా యొక్కని గొడవ యని పాఠకులు తలంపవలదు. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులగుదురు. కొందరు తల్లిదండ్రులై యొకనాడు ప్రధానోపాధ్యాయుని గది యెదుట బల్లపై కూర్చుందురు. మరికొందరు పాలకసంఘములలో సభ్యులగుదురు. ఆ గదిలోని మనుష్యునినుండి దేనిని కోరవచ్చునో, దేనిని కోరరాదో తెలిసియుండుట అందరికిని మేలు.

మొదట లోకము చూచు లాభములను చెప్పుదును. ప్రత్యేకమైన గది, తిరుగు కుర్చీ, తలుపుపై పేరు, పిలిచినంతనే వచ్చు పరిచారకుడు, స్వాతంత్ర్యదినమున జెండాత్రాడు పట్టు గౌరవము, ఊరిలో పెండ్లికి పోయినపుడు ముందువరుసలో చోటు: ఇవి కంటికి కనబడునవి. జీతమున కొంత వృద్ధియు, దానివలన విశ్రాంతివేతనమున కొంత వృద్ధియు కలుగును. పిల్లలను చదివించుకొను సంసారికి అది చిన్న విషయము కాదు. ఉపాధ్యాయుడు ధనమును గూర్చి మాటాడరాదను మర్యాద యొకటి మనలో కలదు గాని, ఉన్నదానిని లేదనుట మర్యాద కాదు, అసత్యము. అయినను, కేవలము వీనికొరకే ఆ పదవిని కోరువారు ఒక సంవత్సరము తిరుగకమునుపే విచారింతురని నా నమ్మకము. కుర్చీ మెత్తదనము వారమునకే అలవాటగును. దాని బరువు మాత్రము ప్రతిదినము క్రొత్తగనే యుండును.

నిజమైన లాభము వేరొకటి కలదు. అది చేయదగినదానిని చేయగల శక్తి. దీనికి మన పాఠశాలలోనే జరిగిన చిన్న నిదర్శనమును చూపుదును. పడమటి పల్లెలనుండి వచ్చు పిల్లలకు ఉదయమున ఒకే బస్సు. ప్రార్థన ప్రారంభమైన పది నిమిషములకు గాని అది చేరెడిది కాదు. ఆ పిల్లలు ప్రతిదినము ఆలస్యముగా వచ్చినవారి వరుసలో నిలువబడిరి. నేను తరగతి యుపాధ్యాయుడనై యేడేండ్లు వారిని చూచి జాలిపడితిని, హాజరుపట్టీలో గుర్తులు పెట్టితిని, బస్సువారిని నిందించితిని. మన ప్రధానోపాధ్యాయులవారు వచ్చిన మొదటి మాసముననే ఒక కాగితముపై రెండు పంక్తులు వ్రాసి, ప్రార్థనను పదునైదు నిమిషములు వెనుకకు జరిపిరి. నాటినుండి ఆ వరుస లేదు. ఏడేండ్ల నా జాలి చేయలేని పనిని రెండు పంక్తుల ఉత్తరువు చేసినది. మంచి మనస్సు తరగతిలో నున్నపుడు నలుబదిమందికి ఉపకరించును. అదే మనస్సు ఆ కుర్చీలో నున్నపుడు పాఠశాల కంతటికిని ఉపకరించును.

మన పెద్దల చరిత్రలలోను ఇందుకు సాక్ష్యము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ఆంగ్లపాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిన కాలముననే, 1874లో, అచ్చట బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆడుపిల్లకు చదువేల యని ఊరూర ప్రశ్నించు దినములవి. ప్రధానోపాధ్యాయుని మాటకు ఊరిలో గల విలువ ఆ కార్యమునకు తోడ్పడకపోలేదు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 20వ శతాబ్దపు తొలి దశకములలో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, బాలికలకును, దూరముంచబడిన కులముల బాలురకును విద్యాద్వారములు తెరచుటకు పాటుపడిరి. ఇట్టివారి చేతిలో పదవి యొక పనిముట్టయ్యెను గాని ఆభరణము కాలేదు.

ఇక నష్టముల మాట. దీనిని విన్నమాటగా గాక అనుభవముగనే చెప్పగలను. నిరుడు మన ప్రధానోపాధ్యాయులవారు అస్వస్థులై పదునైదు దినములు సెలవులో నుండినప్పుడు, ఆ బాధ్యత నాపై బడినది. అందొక దినచర్యను వినుడు. ఉదయము గేటు తెరచునప్పటికి ఇద్దరుపాధ్యాయులు సెలవుచీటీలు పంపియుండిరి. వారి తరగతులను ఇతరులకు పంచునంతలో మొదటి గంట ముగిసెను. పిల్లల వివరములను కంప్యూటరులో నెక్కించు 'ఎమిస్' అను పద్ధతి యొకటి రాష్ట్రమంతటను కలదు. అందు పదునొకండుమంది పిల్లల పుట్టినతేదీలు ఆధారుకార్డులతో సరిపోలలేదని కార్యాలయమునుండి ఫోను వచ్చెను. అది సరిచేయుచుండగా నీటిపంపు చెడెను. పంపు బాగుచేయువాడు వచ్చునప్పటికి మధ్యాహ్నభోజనపు వేళయయ్యెను. అన్నము రుచిచూచి, గ్రుడ్ల లెక్క చూచి, పుస్తకమున సంతకము చేసి వచ్చునంతలో, బదిలీపత్రము కావలెనని యొక తండ్రి నిలుచుండెను. ఆయన పోయిన పిదప, ఎన్నికల విధులకు ఉపాధ్యాయుల పట్టిక నాటి సాయంత్రములోగా పంపవలెనని మరియొక ఉత్తరువు. సాయంత్రపు గంట మ్రోగినప్పుడు చూచుకొనగా, నేనానాడు ఒక్క పద్యమును చెప్పలేదు, ఒక్క బాలుని వ్రాతపుస్తకమును దిద్దలేదు. అయినను మిక్కిలి యలసియుంటిని.

ఆ పదునైదు దినములలో తొమ్మిదవ తరగతికి నేను చెప్పవలసిన తెలుగు పాఠములు పదునొకండు. చెప్పినవి మూడు. తక్కిన యెనిమిది గంటలును పిల్లలు చూచివ్రాతలతో గడపిరి. ఆ యెనిమిది గంటల లెక్క యే పుస్తకములోను ఎక్కలేదు. గ్రుడ్లలో ఒకటి తగ్గిన యెడల సంజాయిషీ యడుగు లోకము, పాఠములు ఎనిమిది తగ్గినపుడు ఎవరినియు నేమియు నడుగలేదు. ఈ పదవిలోని మొదటి నష్ట మిదియే: అడుగబడు పని అడుగబడని పనిని మ్రింగివేయును.

కార్యభారమును నేను తేలికగా మాటాడుట లేదు. భోజనము సంగతినే తీసికొందము. 1956లో కామరాజుగారి ప్రభుత్వము బడిపిల్లలకు మధ్యాహ్నభోజనమును పెట్టుట యారంభించినది. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారు దానిని పోషకాహారపథకముగా విస్తరింపజేసిరి. ఆ యన్నముకొరకే బడికి వచ్చి, వచ్చినందున చదువుకొన్నవారు ఈ రాష్ట్రమున తరములుగా కలరు. దానిని రుచిచూచు నిమిషము వృథా యని యెవరనగలరు? అట్లే బాలబాలికల రక్షణకై 2012లో కేంద్రప్రభుత్వము చేసిన చట్టమును బట్టి, తన క్రిందివారివలన బిడ్డకు లైంగికమైన కీడు జరిగినట్లు తెలిసియు తెలుపక దాచిన సంస్థాధికారి శిక్షార్హుడు. అట్టి బాధ్యత యుండవలసినదే. ఈ పనులు తక్కువవి యని కాదు నా వాదము. ఇవన్నియు ఒక్క మనుష్యుని తలపై నుంచి, ఆ మనుష్యుడు మంచి యుపాధ్యాయుడై యుండుటవలననే అతనిని దీనికి ఎన్నుకొంటిమని చెప్పుట వింతగా నున్నదనియే నా వాదము. నేను పొరుగురాష్ట్రమున శిక్షణ పొందితిని. అచ్చట పాఠప్రణాళిక వ్రాయుట నేర్పిరి, హెర్బార్టు సోపానములు నేర్పిరి, నల్లబల్లపై నక్షరములు చక్కగా వ్రాయుట నేర్పిరి. జమాఖర్చులు వ్రాయుట గాని, అలిగిన ఇద్దరు సహోద్యోగులను ఒక గదిలో కూర్చుండబెట్టుట గాని ఎవరును నేర్పలేదు. గొప్ప ఈతగానిని చూచి, ఇతడు నీటిని బాగుగ నెరుగునని చెరువుకట్టకు మరమ్మతు చేయింపబోవుట యిట్టిదే.

రెండవ నష్టము స్నేహమునకు సంబంధించినది. ఉపాధ్యాయుల గదిలో ఇరువది యేండ్లు కలసి టీ త్రాగినవారు, ఒకడు ఆ గది దాటి ప్రక్కగదికి పోయిన మరునాడే, అతడు వచ్చునప్పుడు మాట మార్చుదురు. ఇందులో నెవరి తప్పును లేదు. సెలవు నిచ్చువానికిని అడుగువానికిని నడుమ ఒక బల్ల యుండక తప్పదు. నాకు బాధ్యత నిచ్చిన ఆ పదునైదు దినములలోనే, ఎల్లప్పుడు నన్ను పేరుపెట్టి పిలుచు మిత్రు డొకడు రెండుమార్లు "సార్" అనెను. పరిహాసమునకే యనెను గాని నా చెవికది పరిహాసముగా వినబడలేదు. ఇదిగాక పాలకసంఘము ఒక వైపు, విద్యాశాఖవారు ఒక వైపు, తల్లిదండ్రు లొక వైపు, ఉపాధ్యాయు లొక వైపు. ప్రధానోపాధ్యాయుని స్థితి అడకత్తెరలోని పోకచెక్క. ఫలితములు బాగున్నచో పిల్లలు తెలివిగలవారు. బాగులేనిచో ప్రధానోపాధ్యాయుడు అసమర్థుడు.

ఇంతవరకు చెప్పినది ఏ పాఠశాలకైన చెల్లును. మన హోసూరు ప్రాంతమువంటి చోట తెలుగు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడగుట యందు వీనిని మించిన విశేషము కలదు. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములను విభజించినప్పుడు, ఎల్లలకు ఆవలనుండిపోయినవారము మనము. అదే సంవత్సరమున రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణమువలన 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధించు వసతులు కల్పింపవలెనని అది చెప్పును. 30వ అధికరణము మనవంటివారికి విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చినది. ప్రధానోపాధ్యాయుని ఎన్నుకొనుట ఆ హక్కులో ముఖ్యభాగమని సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పినది. అనగా, ఇట్టి పాఠశాలలో ఆ కుర్చీ కేవలము ఉద్యోగోన్నతి కాదు. సమాజము తన పాఠశాలను తాను నడుపుకొనుటకు గల హక్కు ఎవరి రూపమున పనిచేయునో ఆ మనుష్యుని స్థానము అది. న్యాయస్థానము ఆ హక్కు నీయగలదు గాని, దానిని వినియోగించు మనుష్యుని ఈయలేదు.

2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళ అభ్యసనచట్టమును చేసినది. దాని ప్రకారము తమిళము ఒకటవ తరగతితో మొదలిడి ఏటికొక తరగతి చొప్పున ప్రథమభాషగా నిర్బంధమైనది. మొదటి జట్టు పిల్లలు 2015-16లో పదవ తరగతికి చేరిరి. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల కెక్కగా అప్పుడప్పుడు మినహాయింపులు లభించినవి. 2023 పరీక్షకు సుప్రీంకోర్టు అట్టి మినహాయింపు నిచ్చినది. ఈ చట్టమును నిందించుట నా యుద్దేశము కాదు. మనము నివసించు రాష్ట్రపు భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను. తమిళము రాని బాలుడు ఈ రాష్ట్రమున ఉద్యోగమునకు గాని, ఆసుపత్రికి గాని, కచ్చేరికి గాని పోయినప్పుడు కష్టపడును. నేనును పొరుగురాష్ట్రమున చదివి వచ్చినవాడనగుటచే మొదటి రెండేండ్లు కార్యాలయమునకు వ్రాయు ప్రతి జాబును ఒక తమిళ మిత్రునికి చూపి దిద్దించుకొంటిని. ఇచ్చట తమిళము నేర్వని తెలుగు ప్రధానోపాధ్యాయుడు తన పాఠశాలకు మాటలాడలేని వకీలువంటివాడు. అయితే రెండు భాషలకును చోటు చూపు కాలపట్టికను వ్రాయువా డెవడు? ఏ గంట తెలుగునకో, ఏ గంట తమిళమునకో, అలసిన కడపటి గంట దేనికో నిర్ణయించువా డెవడు? ప్రధానోపాధ్యాయుడే. భాషల భవిష్యత్తును గూర్చి సభలలో మాటాడువారు పలువురు కలరు. దానిని కాలపట్టికలో పెన్సిలుతో వ్రాయువాడు ఒక్కడే.

అంతకంటె ముఖ్యమైన క్షణము జూను మాసమున వచ్చును. నేను ప్రవేశముల బల్లయొద్ద సహాయముగా కూర్చుండిన యొకనాడు, గులాబీతోటలలో పనిచేయు తల్లి యొకతె బిడ్డను చేయిపట్టుకొని వచ్చి, "ఇంటిలో తెలుగే మాట్లాడతాడు సామీ, ఇంకా బడిలో కూడా ఎందుకు? ఇంగ్లీషులో వేసుకోండి" అనెను. మన ప్రధానోపాధ్యాయులవారు కలము క్రింద పెట్టి, ఆమెను కూర్చుండుమని, ఇంట మాటాడుటకును చదివి వ్రాయుటకును గల భేదమును ఆమె భాషలోనే పది నిమిషములు చెప్పిరి. ఆంగ్లమును తెలుగు మాధ్యమపు పిల్లలకు ఎట్లు నేర్పుచున్నామో చూపుటకు ఆరవ తరగతి బాలుని పిలిపించి చదివించిరి. బలవంతము చేయలేదు. "నీ బిడ్డ, నీ యిష్టమమ్మా" అనిరి. ఆమె ఆలోచించి తెలుగునందే చేర్చినది. ఆ పది నిమిషములకు ఓపిక లేనివా డచ్చట నుండినచో, ఒక్క నిమిషములో దరఖాస్తుపై మరియొక మాట పడియుండెడిది. ఆ ప్రధానోపాధ్యాయుడు తెలుగునకు శత్రువు కానక్కరలేదు. తెలుగు రానివాడై యుండిన చాలును, లేదా తీరిక లేనివాడై యుండిన చాలును.

నేనెరిగిన యొక పాఠశాలలో తెలుగు విభాగము ఇట్లే మూతపడినది. దానిని మూయుమని ఎవరును ఉత్తరువు వ్రాయలేదు. ఒక యేడు ఇరువదిమంది చేరిరి, మరుసటియేడు తొమ్మిదిమంది, ఆ పిమ్మట నలుగురు. నలుగురికొరకు ఉపాధ్యాయుడేల యను ప్రశ్న పుట్టెను. ఉపాధ్యాయుడు విరమించిన పిదప, ఉపాధ్యాయుడే లేనిచోట పిల్లలనెట్లు చేర్చుకొందుమను ప్రశ్న పుట్టెను. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. రెండింటి నడుమ తెలుగు పోయెను.

ఇచ్చటనే నా చిక్కు కలదు. తెలుగు చెప్పువాడు ప్రధానోపాధ్యాయుడైన యెడల, కుర్చీ తెలుగువానిది యగును గాని తరగతి ఖాళీ యగును. అతని స్థానమునకు క్రొత్తవాడు వచ్చుటకు ఎన్ని మాసములు పట్టునో చెప్పలేము. అతడు కాదన్నచో, తరగతి నిలుచును గాని, తరగతిలోనికి పిల్లలను పంపు బల్లయొద్ద ఎవరు కూర్చుందురో తెలియదు. తొమ్మిదవ తరగతి బాలుడు నన్నడిగినది మొదటి సగము. అతడు అడుగని రెండవ సగ మిది.

పదవితో పనిలేకయే గొప్పకార్యములు చేసినవారు లేరా యని కొందరడుగవచ్చును. కలరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరభాషను నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టించిరి. వాడుకభాషకై పోరాడిన ఆయన పేరును నేనీ గ్రాంథికమున తలచుట ఆయనకు నవ్వు పుట్టించునేమో! ఆయనకు ఏ కుర్చీయు అక్కరలేకపోయెను. అట్టి తపస్వులకు ఈ చర్చ వర్తింపదు. కాని పాఠశాలలు తపస్వులపై నాధారపడి నడువవు. సామాన్యులైన ఉపాధ్యాయులు సామాన్యముగా తమ పనిని సరిగా చేయుటచే నడచును. సామాన్యునకు కాలపట్టిక తన చేతిలో నున్నప్పుడే కొంత చేయుటకు వీలగును.

మరికొందరు ఇట్లనవచ్చును: పాఠము చెప్పుట వేరు, పాలనము వేరు. మంచి యుపాధ్యాయుని చెడగొట్టి చెడ్డ యధికారిని చేయనేల? దీనికొరకు శిక్షణ పొందిన పాలకులను నియమింపరాదా? ఈ వాదమున సత్యము కలదని పైన నేనే యొప్పుకొంటిని. 2009 నాటి విద్యాహక్కు చట్టమును సిద్ధపరచినవారును, ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతులలో నూర్గురికి మించి పిల్లలున్నచోట పూర్తికాలపు ప్రధానోపాధ్యాయు డుండవలెనని అనుబంధమున వ్రాసిరి. పూర్తికాలపు పని యని వారెరిగియే వ్రాసిరి. అయితే తరగతిలో ఎన్నడును నిలువని పాలకునకు, ఎనిమిది పాఠములు పోయినవని ఎట్లు తెలియును? పంపు చెడినచో నీరు రాదు కావున అందరికి తెలియును. పాఠము పోయినచో ఆ దినమున ఏమియు ఆగదు. దానిని కనుగొను కన్ను సుద్దపొడిలో పండినవానికే యుండును. కావున ప్రధానోపాధ్యాయుడు ఉపాధ్యాయుడే కావలెను, మరియు అయిన పిదపను ఉపాధ్యాయుడుగనే మిగులవలెను. ఈ రెండవదియే మనము మరచుచున్నాము.

అట్లు మిగులుటకు మార్గ మేమి? నాకు తోచినవానిని చెప్పుదును. ప్రధానోపాధ్యాయుడు దినమునకొక్క తరగతినైన తప్పక చెప్పవలెను. ఆ నలుబది నిమిషములలో ఫోనును గాని, అధికారిని గాని, పాలకసంఘాధ్యక్షులను గాని లోనికి రానీయరాదు. రెండవది, లెక్కలును కంప్యూటరు పనియు చూచుటకు ఒక గుమాస్తాను పాలకసంఘమువారు నియమింపవలెను. ఉపాధ్యాయుని సంతకమునకై జీతమిచ్చుటకంటె గుమాస్తా జీతము చౌక. మూడవది, జూను మాసమున ప్రవేశముల బల్లను ఎవరికిని అప్పగింపక తానే కూర్చుండవలెను. తల్లిదండ్రులకు తెలుగు మాధ్యమమువలని మేలును, కష్టమును రెంటిని దాచక చెప్పవలెను. నాలుగవది, భాషోపాధ్యాయుని పైకి తీసికొనుటకు ముందే, అతని తరగతికి వేరొకరిని కుదుర్చవలెను. కడపటిది, ఈ పదవినుండి తిరిగి తరగతికి వచ్చుట అవమానముగా నుండరాదు. వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగా నుండి, పిమ్మట రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి. దానిచే ఆయన గౌరవ మేమియు తగ్గలేదు. నేడు అట్లు చేసినవానిని చూచి, ఏ తప్పు చేసి దిగివచ్చెనో యని లోకులు గుసగుసలాడుదురు. కొన్నియేండ్లు బరువు మోసినవాడు దానిని మరియొకరి భుజమునకు మార్చి పొలమునకు పోవుట తప్పెట్లగును?

పాలకసంఘమువారికి ఈ మాటలనే విన్నవించితిని. వారు రెండింటిని వెంటనే యంగీకరించిరి, గుమాస్తా విషయమున ధనము చాలదనిరి, క్రొత్త తెలుగు ఉపాధ్యాయుని గూర్చి ప్రయత్నింతుమనిరి. ప్రయత్నింతుమను మాట నాకు చాలదని వినయముగా చెప్పితిని. తెలుగు తరగతిని ఖాళీచేసి, తెలుగును కాపాడుటకని కుర్చీలో కూర్చుండుట, విత్తనపుగింజలను వండుకొని పొలమునకు కంచె వేయుట వంటిది. తరగతికి మనిషి వచ్చిననాడు నేను కుర్చీకి పోవుదును. అంతవరకు వేరొకరు ఆ కుర్చీలో నుండినచో, జూను మాసమున ప్రవేశముల బల్లప్రక్కన నాకొక ముక్కాలిపీట వేయుమని కోరుదును.

ఇక ఆ బాలునికి నా సమాధానము. నాయనా, నీవడిగిన ప్రశ్నను పెద్దవారెవరును నన్నడుగలేదు. అందరు నాకు కలుగు లాభమును గూర్చి యడిగిరి, నీవొక్కడవే నీకు కలుగు నష్టమును గూర్చి యడిగితివి. నేను ప్రధానోపాధ్యాయుడనైనను కాకున్నను, వచ్చు సంవత్సరమున నీవు పదవ తరగతికి వచ్చినప్పుడు, దినమునకొక గంట నేనే నీకు తెలుగు చెప్పుదును. ఏ దినమైన నేను రానియెడల, నీవు నా గది తలుపు తట్టి పిలువవచ్చును. లోపల ఎవరున్నను సరే, తట్టుము.